నలభై నట్లు

ట్యాంకు విప్పితే అడుగున
బెత్తెడు మందం ఎర్రమట్టి.
మట్టి కాదు, ఇనుమే.
పానం వోయి పొడైన ఇనుము.
పదకొండేండ్లు షెడ్డుల నిలవడ్డ మాస్సీ
సగం సాలు దున్ని, దగ్గి, ఆగిపోతాంటే
రెండు రోజులు ఇంజన్‌నే తిట్టిన.
పాపం, దాని తప్పు లేదు.

ఖల్ఫాన్ అర్బాబు తలుపు కాడ నిలవడి చూసి
"సదా" అన్నడు.
వాళ్ల భాషల జంగును అట్లనే అంటరట.
మా భాషల ఆ మాటకు ఎప్పటికీ అని అర్థం.
నవ్వొచ్చింది.
ఎందుకు నవ్విన్నో చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
కింద కూసున్న మొఖ్లెస్ "జొంగ్, జొంగ్" అన్నడు బంగ్లాల.
అది మాత్రం మా ఇద్దరికి ఒక్కటే మాట.

సోహార్‌ల క్రేన్ నడిపే ఓదెలన్నకు ఫోన్ చేసిన.
"లోపటికి నట్లెయ్యి, గొలుసు ముక్కలెయ్యి,
సిర్కా వోసి తిప్పు. చేతులతోని కాదురా, భుజాలు వడిపోతయ్.
ఇంకోటి,
ఎన్ని నట్లేసినవో రాసుకో.
ఏసినయన్నీ బయటికి రావాలె."

గోడ మీద బొగ్గుతోని రాసిన: 40.
గొలుసు పాత బాయిది.
సువైక్ దిక్కు బాయిలన్నీ ఉప్పగైనంక
దాన్ని ముట్టినోళ్లు లేరు.
ఖర్జూరం సిర్కా అర్బాబు ఇంట్లకెల్లి రెండు డబ్బాలు,
సాలకపోతే దుకాన్ల తెల్లది పన్నెండు సీసలు.
సిమెంటు కలిపే మిషిన్ మూతికి
గోనెసంచులు సుట్టి, ట్యాంకును తాళ్లతోని గుంజి కట్టి
స్విచ్చేసినం.

ఆ సప్పుడు!
పెండ్లి బ్యాండు మొత్తం బాయిల వడ్డట్టు.
పక్క తోట మేకలు కంచె దాక వచ్చి చూసి పోయినయి.
మగ్రిబ్ నమాజుకు బందువెట్టి మళ్ల నడిపినం.
మొఖ్లెస్ ఆ సప్పుడులనే నిద్రవోయిండు.
నాకు పట్టలే.
రాగిబిందెకు చింతపండు, ఇనుముకు సిర్కా.
పులుపు తాకంది ఏదీ మెరవదేమో
అనుకుంట కూసున్న.

తెల్లారి ఒంచితే
మొదలు చాయ డికాషన్,
ఎనుక గద్దెకు పూసే జాజు.
నీళ్లతోని కడిగి, సోడాతోని కడిగి
ఎండకు బోర్లిచ్చి
చాయ తాగొచ్చేసరికి
లోపల మళ్ల పసుప్పొర.
ఒక్క చాయంత సేపట్ల!
సముద్రం రెండు కిలోమీటర్లు.
గాలి తడిని తెస్తది, తడి ఉప్పును తెస్తది.
సదా, అనుకున్న.
ఈసారి నా భాషల.

మళ్ల సిర్కా. మళ్ల సప్పుడు.
ఈ తాప ఆరనియ్యలే.
కడిగిన చేతులతోనే డీజిల్ వోసి
అన్ని మూలలు తడిసేటట్టు ఒరిపిన,
పసిపిల్లకు నూనె రాసేటప్పుడు పొర్లిచ్చినట్టు.
టార్చి ఏస్తే
బూడిదరంగు ఇనుము.
ఆ ట్యాంకు చేసినోని తర్వాత
దాన్ని సూసింది నేనే కావచ్చు.

నట్లు లెక్కవెట్టిన. ముప్పై తొమ్మిది.
మొఖ్లెస్ లెక్కవెట్టిండు, బంగ్లాల.
ముప్పై తొమ్మిదే.
ఊపినం, బోర్లిచ్చినం, తీగకు అయస్కాంతం కట్టి దించినం.
ఉన్నట్టు సప్పుడైతది,
రమ్మంటే రాదు.
డీజిల్ ఊగకుండ లోపల అడ్డపలక ఉంటది,
దాని ఎనుక ఏ సందుల వడ్డదో.
రేపు గడ్డి ఇత్తనం వడాలె అన్నడు అర్బాబు.
బిగిచ్చినం.

మాస్సీ ఇప్పుడు ఆగుతలేదు.
సాలు కొసకు మలిపినప్పుడల్ల
టిక్కుమంటది.
ట్యాంకు నిండుగున్ననాడు వినవడదు,
సగానికి దిగినంక వినవడతది.
ఒకనాడు పక్కన నడుస్త నడుస్త అర్బాబు ఆగి
చెవి వెట్టి
కనుబొమ్మలెత్తిండు.
"మాఫీ ముష్కిల్" అన్న.

గోడ మీద 40 అట్లనే ఉన్నది.
మొన్న సున్నం ఏసుకుంట మొఖ్లెస్ దాని కాడికొచ్చి
నా దిక్కు సూసిండు.
దాన్ని ఇడిచి ఎయ్యి, అన్న.